బతికున్న గువో ఆంటీ అంత్యక్రియలకు వెళ్ళొచ్చాం

నయాగరా చూశావా అని అడగొద్దు. చూడలేదు. చీరాల స్టేషన్లో రైలు దిగిన దగ్గర్నుంచి ఆటో అబ్బాయి మొదలు పంటి డాక్టరుగారి దాకా అందరిదీ అదే ప్రశ్న. కెనడాలో ఉన్నన్నాళ్ళు నేను చూసినవి ఒక బేస్‌మెంటు, ఒక గోదాము తాలూకు పార్కింగు, ఒక లైబ్రరీ, ఇంకాస్తయితే పొరపాటున అమెరికా. మంచు చూశాను గానీ అది కేలండర్ల మీద ఉండే మంచు కాదు. ఏప్రిల్ నెలలో రోడ్డు పక్కన నల్లగా, మురిక్కాలవలోంచి తీసి గట్టున పోసిన పూడికలా ఉంది.

నేను కథలు చెప్పి బతికేదాన్ని. గోరంతను కొండంత చేస్తానని మా ఇంటిల్లిపాదికీ నా మీద ఫిర్యాదు. అందుకని ఇందులో నేను కలిపిన చోట కలిపానని చెప్పేస్తాను. చెప్పని చోట నమ్మండి, వేరే దారి లేదు.

స్కార్‌బరో: ముందు కిటికీ, తర్వాత మిరపకాయ

మా తమ్ముడి కూతురు హాసిని అక్కడ కాలేజీలో చదువుతోంది. చదువుతోందంటే వారంలో కొన్నాళ్ళు కాలేజీ, మిగతా రోజులు గోదాములో పెట్టెలకు టేపు అంటించడం. ఒక ఇంటి బేస్‌మెంటులో మరో నలుగురు ఆడపిల్లలతో ఉంటోంది. వరంగల్, నంద్యాల, ఏలూరు, కరీంనగర్. ఎవరి యాసలో వాళ్ళు దెబ్బలాడుకుంటారు గానీ పప్పు మాత్రం అందరూ ఏలూరు పిల్ల చేతే వండిస్తారు. కిటికీ నేలకు సమానంగా ఉంటుంది. అందులోంచి ఊరు కనిపించదు, నడిచే బూట్లు కనిపిస్తాయి. వారం తిరిగేసరికి బూట్లను బట్టి మనిషి స్వభావం చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఇది కలిపింది.

వెళ్ళిన మర్నాడే చారుకు పోపు వేశాను. ఎండుమిరపకాయ ఇంకా నల్లబడనైనా లేదు, ఇంటికప్పు కేకలు పెట్టింది. పొగ అలారం. మన దగ్గర పొగ వస్తే దగ్గుతాం, అక్కడ ఇల్లే దగ్గుతుంది. మెట్ల మీంచి ఒక పొట్టి ముసలావిడ తువ్వాలు తిప్పుకుంటూ యుద్ధానికి వచ్చినట్టు దిగింది. ఇంటావిడ, గువో ఆంటీ.

“కిటికీ! ముందు కిటికీ, తర్వాత మిరపకాయ! ఎన్నిసార్లు చెప్పాలి?”

“సారీ ఆంటీ, మా అత్త. నిన్ననే వచ్చింది,” అంది హాసిని.

“వయసెంత?”

“యాభై మూడు,” అన్నాను.

“యాభై మూడేళ్ళొచ్చి కిటికీ తెరవడం తెలీదా?”

ఆవిడది చైనాలోని కాంటన్ యాస ఇంగ్లీషు, నాది చీరాల ఇంగ్లీషు. ఇద్దరిదీ నాకు తోచినట్టు తెలుగులో పెడుతున్నాను. ఆవిడ గుమ్మం దగ్గర చెప్పుల జతలు లెక్కపెట్టి, అద్దెకున్నవాళ్ళ కంటే ఒక జత ఎక్కువుందని నా వైపు చూసింది. ఇంటి యజమానులకు దేశాలు లేవు. మా బ్రాహ్మణవీధిలో సుబ్బమ్మగారూ ఇంతే, నీళ్ళ బిందెలు లెక్కపెట్టేది. తర్వాత గిన్నెలోకి తొంగిచూసి, గరిటెతో చారు తీసి, నిలబడే తాగి, “ఉప్పు తక్కువ” అని పైకి వెళ్ళిపోయింది.

ఆవిడ మెట్లెక్కగానే హాసిని ఫోను మోగింది. విండ్సర్ అనే ఊరి నుంచి. “హా లిలియన్... బీపీ టాబ్లెట్ వేసుకున్నారు... లేదు, కోపంగానే ఉన్నారు. యా, నార్మల్ కోపమే.”

“ఎవరే?” అన్నాను.

“ఆంటీ వాళ్ళమ్మాయి అత్తా. ఏడాదిగా మాటల్లేవు. ఇద్దరికీ మధ్యలో నేను. ఆమె నన్నడుగుతుంది, నేను ఆంటీని అడుగుతా, ఆంటీ ‘ఎవరడిగారు’ అంటారు, నేనే అంటా. నాకు ఇది థర్డ్ జాబ్.”

“ఎందుకు మాటల్లేవు?”

హాసిని దిండు కిందనుంచి ఒక నవల తీసి నా ఒళ్ళో పడేసింది. “ఇందుకు. ఆంటీని చంపేసింది.”

లైబ్రరీలో మరో ఎనిమిది హోటళ్ళు

లిలియన్ విండ్సర్లో పాఠాలు చెబుతుంది. రాసింది తన ఇంటి కథే. చైనా నుంచి వచ్చిన దంపతులు, హోటలు వంటిల్లు, పుట్టిన ఐదు నెలలకే తల్లి తన బిడ్డను ఎవరో తెలిసినావిడ చేతికిచ్చి చైనాలో అమ్మమ్మ దగ్గరికి పంపేయడం, ఐదేళ్ళకు తిరిగొచ్చిన పిల్ల తల్లిని “ఆంటీ” అని పిలవడం. చివర తల్లి మంచాన పడి, “నిన్ను పంపకుండా ఉండాల్సింది” అని కూతురి చేయి పట్టుకుని క్షమాపణ అడిగి చనిపోతుంది. తర్వాత ఒక అధ్యాయం నిండా అంత్యక్రియలు.

రాత బాగుంది. అదే నాకు విసుగు. బాగోకపోతే పక్కన పడేసి నయాగరా పోయేదాన్ని.

ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని దగ్గర్లోని లైబ్రరీలో అడిగితే అక్కడి అమ్మాయి ఎనిమిది పుస్తకాల మోపు తెచ్చి బల్ల మీద పెట్టింది. అన్నీ చైనా వలస కుటుంబాల కథలే. వరసపెట్టి చదివాను. ప్రతిదాంట్లో ఒక హోటలో లాండ్రీయో, నోరు విప్పని ఒక నాన్న, నోరు మూయని ఒక అమ్మ, ఏదో దాచిన అమ్మమ్మ, రెండు ఇళ్ళ మధ్య నలిగే ఒక కూతురు. నాలుగో పుస్తకానికి నాకు చిర్రెత్తింది. అమ్మా, ఇంకో పని దొరకలేదా మీ నాన్నలకి అని కేకేయబోయాను. ఐదో పుస్తకంలో ఒక తల్లి, కూతురికి మార్కులు ఎక్కువొచ్చాయని తెలిసి పైకి మాత్రం, “చేతివేళ్ళకు నూనె రాసుకో, పగిలాయి” అంటుంది. అక్కడ నేను పుస్తకం మూసేశాను. ఆవిడ మా పిన్ని. ఎక్కడో చైనా పల్లెలో పుట్టి, ఎప్పుడూ చూడని దేశంలో బట్టలుతికిన ఆవిడ, పేరాల మగ్గం గుంటలో కూర్చున్న మా పిన్నే. అందరిదీ ఒకే కథ అని విసుక్కున్నదాన్ని, నాదీ అదే కథ అయ్యేసరికి ఇంకా విసుగొచ్చింది.

ఆ సాయంత్రం పైకి వెళ్ళాను. గువో ఆంటీ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనూ కూర్చుని ఒలిచాను. బల్ల మీద ఒక ఆహ్వానం, వచ్చే శనివారం విండ్సర్ లైబ్రరీలో లిలియన్ తన నవల చదివి వినిపిస్తుందని.

“వెళ్తున్నారా?”

“చచ్చినవాళ్ళు సభలకు వెళ్ళరు,” అంది ఆంటీ.

“నవల చదివారా?”

“మూడుసార్లు. డిక్షనరీ పెట్టుకుని. తప్పులు పట్టడానికి.” వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. “నా శవానికి గోధుమరంగు బట్టలు వేసింది. నేను జన్మలో గోధుమరంగు కట్టలేదు. వచ్చినవాళ్ళకి కొట్లో కొన్న బన్నులు పెట్టింది. కొట్లో కొన్నవి! ఇంకా, నేను క్షమాపణ అడిగానని రాసింది. దేనికి? రోజుకు పద్నాలుగు గంటలు గిన్నెలు కడిగేదాన్ని, బిడ్డని ఎక్కడ పెట్టుకోను? సింకులోనా? అందరూ పంపేవాళ్ళు. నేను ఎవరినీ క్షమాపణ అడగలేదు.” చివరి చిక్కుడుకాయను విరిచిన తీరు చూసి నేను చేయి వెనక్కి తీసుకున్నాను. “బతికున్న తల్లికి అంత్యక్రియలు రాసింది. మీ దేశంలో ఇలా రాస్తారా?”

ఆలోచించి చెబుతానని ఒలిచిన గింజల గిన్నె ఆవిడ ముందుకు తోశాను. ఇది మాత్రం కలిపింది కాదు.

వాన్: గోదాము బయట

హాసిని షిఫ్టుకు వెళ్తూ నన్ను గోదాము ఉన్న వాన్ అనే ఊరికి తీసుకెళ్ళింది. బస్సు, సబ్‌వే, మళ్ళీ బస్సు. చీరాల నుంచి బాపట్ల వెళ్ళి పెళ్ళి భోజనం చేసి తిరిగి రావచ్చు ఆ సమయంలో. లోపలికి నన్ను రానివ్వరు గనుక ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో కూర్చోబెట్టింది. కాఫీ రెండు డాలర్ల చిల్లర. రూపాయల్లోకి మార్చుకోవద్దని హాసిని ఒట్టు వేయించుకుంది. మార్చుకుని, తాగి, బాధపడ్డాను. పంచదార వేసిన వేడినీళ్ళు.

షిఫ్టు దిగిన మన పిల్లలు గుంపుగా వచ్చారు. పక్క బల్ల దగ్గరి కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, “పెద్దమ్మా, మీరు ఏ కాలేజ్?” అన్నాడు.

“నాకు కాలేజేంట్రా!”

“ఏమో పెద్దమ్మా, ఈడ తెలుగోళ్ళంటే అందరు స్టూడెంట్లే. మొన్న మా క్లాసుల ఒక తాత ఉన్నడు.”

పేరు సాయికుమార్, జగిత్యాల దగ్గర ఊరు. ఇంటికి ఫోన్ చేసి ఏం చెబుతావని అడిగాను.

“ఏం చెప్తం? ‘మంచిగున్న’ అంటం. ఆఫీసుల పని అని చెప్పిన. గీ జాకెట్ మీద కంపెనీ పేరున్నది కద, వీడియో కాల్ల గంతవరకే చూపిస్త.” పక్కవాడు నవ్వాడు. “వీడైతే ఇంకా ఘోరం పెద్దమ్మా, చలే లేదని చెప్పిండు. వాళ్ళమ్మ ‘మరి ముక్కెందుకు ఎర్రగుంది బిడ్డా’ అంటే ఎండ అన్నడు.”

కథలు రాయడం నా వృత్తి అని ఇన్నేళ్ళు గర్వపడ్డాను. ఈ దేశం నిండా నాకంటే గట్టివాళ్ళున్నారు, వారానికి రెండుసార్లు ప్రసారం చేస్తారు. ఇంటి మనిషిని ఏడవనివ్వకుండా ఉండడానికి వీళ్ళ అబద్ధాలు. లిలియన్ దానికి తలకిందులుగా, ముక్కూ మొహం తెలియని వాళ్ళను ఏడిపించింది. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించుకుని కూర్చుంటే, వైర్ల మీద కాకులు కనిపించాయి. అప్పుడు ఆంటీ ప్రశ్నకు జవాబు తట్టింది.

కాకుల సంగతి

మర్నాడు పొద్దున్నే కిటికీ తెరిచి, అలారం అరవకుండా ఉప్మా చేసి, పైకి పట్టుకెళ్ళాను.

“ఆంటీ, మా వైపు ఒక ఆచారం ఉంది. కాకులు జతకట్టడం ఎవరైనా చూస్తే ఆ మనిషికి ప్రాణగండం. దానికి విరుగుడు, ఆ మనిషి పోయిందని చుట్టాలకు కబురంపడం. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో చావు తన పని అయిపోయిందనుకుని వెళ్ళిపోతుంది. మా నానమ్మ పెరటి గోడ మీద కాకుల్ని చూసింది. పోయిందని కార్డు రాశారు. బాపట్ల నుంచి పదముగ్గురు ఏడుస్తూ దిగారు, నానమ్మ వాళ్ళకి పెసరట్లు పోసింది. తర్వాత ఇరవై రెండేళ్ళు బతికింది.”

ముగ్గురే వచ్చారు. పెసరట్లు, ఇరవై రెండేళ్ళు నిజం.

గువో ఆంటీ చెంచా ఆపింది. “అబద్ధం చెప్పి ఏడిపించాలా?”

“నిజమనిపించేలా చెప్పాలి. అది అందరికీ చేతకాదు. మీ అమ్మాయి నాలుగు వందల పేజీలు కష్టపడింది. దేశం నిండా ఏడ్చారు.”

“వాళ్ళు నా చుట్టాలు కారు.”

ఇక్కడ ఒప్పుకోవాలి. మా ఆచారంలో రక్తసంబంధీకులు ఏడిస్తేనే లెక్క. ఆ షరతు నేను అక్కడికక్కడ రద్దు చేశాను. “పరాయివాళ్ళయితే ఇంకా మంచిది. వాళ్ళకి ఆస్తి మీద ఆశ ఉండదు గనుక ఏడుపు స్వచ్ఛం,” అన్నాను.

ఆవిడ చాలాసేపు ఉప్మాలో జీడిపప్పు వెతుక్కుంది. నేను అసలు మేకు కొట్టాను. “కాకపోతే రెండో కబురు తప్పనిసరి. మనిషి బతికే ఉందని ఏడ్చినవాళ్ళకి చెప్పాలి. పోయిందన్న మనిషే స్వయంగా వెళ్ళి కనిపించాలి. లేకపోతే గండం తిరిగొస్తుంది.”

స్వయంగా అన్నది కూడా నాదే. మా వాళ్ళు రెండో కార్డు రాసేవాళ్ళు, పది పైసలతో పోయేది.

“ఉప్మాలో ఉప్పు సరిపోయింది,” అంది గువో ఆంటీ. తర్వాత కిందికి కేకేసింది. “హాసీ! శనివారం షిఫ్టు ఉందా? మానెయ్. నా కారు నువ్వు డ్రైవ్ చేస్తున్నావు.”

పొరపాటున అమెరికా

విండ్సర్ నాలుగు గంటల దారి. రోడ్డు తాడులా ఉంటుంది, ఒక మలుపుండదు, ఒక టీ కొట్టుండదు, గేదె అడ్డురాదు. ఇంత నిటారు దారిలో ఏ కథా పుట్టదు. గువో ఆంటీ ఎర్ర జాకెట్టు వేసుకుంది. చచ్చిందని నమ్మినవాళ్ళకి దూరం నుంచే తెలియాలట. ఆకులో చుట్టి ఉడికించిన అన్నం పొట్లాలు తెచ్చింది, లోపల పెసరపప్పు. మన పొంగలిని ఎవరో ఎత్తుకెళ్ళి కట్టిపడేసినట్టుంది. తినమని మా ఇద్దరినీ చంపుకు తింది. నేను గోంగూర పచ్చడి సీసా తీశాను. ఆంటీ పొట్లానికి అద్దుకుని తిని, “ఇది లిలియన్‌కి నచ్చుతుంది,” అని, వెంటనే కిటికీ వైపు తిరిగిపోయింది.

ఊళ్ళోకి వచ్చాక హాసిని ఒక్క మలుపు తప్పింది. విండ్సర్లో మలుపు తప్పితే పక్క వీధికి పోము, పక్క దేశానికి పోతాం. నది మీద వంతెన, అవతల డెట్రాయిట్. వెనక్కి తిరిగే చోటు లేదు, ముందూ వెనకా లారీలు.

“అత్తా, నాకు యూఎస్ వీసా లేదు! స్టడీ పర్మిట్ మీద ఉన్నా! దాటితే మళ్ళీ రానివ్వకపోతే?” అంది హాసిని.

“నాకైతే నయాగరాకి కూడా వీసా వచ్చినట్టు లేదు,” అన్నాను.

గువో ఆంటీ అద్దం దించి, సుంకం గది మనిషిని పిలిచింది. “అబ్బాయీ, అవతల దేశంలో నాకు పని లేదు. ఇక్కడ నా అంత్యక్రియలున్నాయి. ఆలస్యమవుతోంది.”

అతను ఆవిడ ఎర్ర జాకెట్టు చూశాడు, మా మొహాలు చూశాడు, ఏమీ అడక్కుండా ఇనుప గేటు తీసి వెనక్కి తిప్పి పంపాడు. పిచ్చివాళ్ళని అమెరికాకు అప్పగించడం ఇష్టంలేక అయ్యుంటుంది.

విండ్సర్: రెండో కబురు

మేము చేరేసరికి సభ సగమయింది. లిలియన్‌ది తల్లి పొట్టితనమే, తల్లి గడ్డమే. సరిగ్గా శవపేటిక దగ్గరి పేజీ చదువుతోంది. ముందు వరసలో ఇద్దరు తెల్లావిడలు ముక్కు చీదుకుంటున్నారు. తలుపు చప్పుడుకు తలెత్తింది. ఎర్ర జాకెట్టు చూసింది. వాక్యం మధ్యలో ఆగిపోయింది.

గువో ఆంటీ కూర్చోలేదు. కుర్చీల మధ్య దారిలో నడిచి ముందుకు వెళ్ళి, జనం వైపు తిరిగింది.

“ఏడ్చినందుకు థాంక్స్. నేనే ఆ అమ్మని. బతికే ఉన్నాను.”

అందరూ నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. నేను అంతటితో దిగిపోతుందనుకున్నాను.

“ఇంకొకటి. నేను క్షమాపణ అడగలేదు. ఇది తప్పు రాసింది. నేనెప్పుడూ అడగలేదు.”

“తెలుసమ్మా,” అంది లిలియన్. “అందుకే రాశాను.”

నవ్వులు ఆగిపోయాయి. హాసిని నా మోచేయి పట్టుకుంది. పక్కన ఎవరో దగ్గి, దగ్గినందుకు సిగ్గుపడ్డారు. నాకు నా కాకుల మీద, నా నోటి మీద ఒళ్ళుమండిపోయింది. సరదాగా అల్లిన కథకి ఒక తల్లిని తీసుకొచ్చి అంతమంది ముందు నిలబెట్టాను. ఆవిడ వెనక్కి తిరిగి తలుపు వైపు నడిస్తే ఆ ఇద్దరికీ ఇక మాటలుండవు, ఈసారి నా వల్ల.

గువో ఆంటీ నడవలేదు. జనానికి వీపు తిప్పి కూతురి ఎదురుగా నిలబడింది.

“ఎయిర్‌పోర్ట్ రాయలేదు నువ్వు.”

“నాకెలా తెలుస్తుంది? ఐదు నెలల దాన్ని.”

“కింద రెండు పళ్ళొచ్చాయి నీకు అప్పటికే. ఎత్తుకున్న ఆవిడ వేలు కొరికావు. జూలై నెల. అందరూ చెమటలు కారుతున్నారు. నేను కోటు వేసుకుని నిలబడ్డాను.”

“జూలైలో కోటెందుకు?”

“పాలు.” ఆవిడ తన గుండెల దగ్గర చేయి పెట్టుకుంది. “నువ్వు లోపలికి వెళ్ళాక కూడా వస్తూనే ఉన్నాయి. జాకెట్టు తడిసిపోయింది. బస్సులో ఎవరైనా చూస్తారని మీ నాన్న తన కోటిచ్చాడు. రాయాలంటే అది రాయి. చావెందుకు?”

లిలియన్ బల్ల మీద కలం అందుకుంది. కాగితం దొరక్క, తన నవలే తిరగేసి చివరి ఖాళీ పేజీ తీసింది. “కోటు ఏ రంగు?”

“రంగెందుకు?”

“చెప్పమ్మా.”

“నల్లది. కాదు, ముదురు నీలం. గుండీ ఒకటి లేదు. కూర్చో, నిలబడి రాస్తే నీ రాత అర్థం కాదు.”

కూర్చున్నారు. సగం కాంటన్ భాషలో, సగం ఇంగ్లీషులో. గుండీ ఎక్కడ ఊడిందన్న దగ్గర దెబ్బలాడుకున్నారు. సంతకాల కోసం నిలబడ్డ వరస కాసేపు చూసి, ఒక్కొక్కరే తప్పుకున్నారు. ముక్కు చీదిన ఆవిడలు వెళ్తూ వెళ్తూ, ఎందుకో నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నాకు ఆకలి. హాసినికి మర్నాడు పొద్దున్న షిఫ్టు. బయట ఇంకా బోలెడు ఎండ ఉంది, చూడాల్సిన నది ఉంది, ఎవరూ కదలరు. లైబ్రరీ కుర్రాడు తాళాలు ఆడించుకుంటూ రెండుసార్లు వచ్చిపోయాడు. మూడోసారి నా దగ్గరికొచ్చి, “మేడమ్, మూసేస్తున్నాం. వాళ్ళని కాస్త బయటికి రమ్మంటారా?” అన్నాడు.

“వాళ్ళు ఇక్కడ లేరు నాయనా,” అన్నాను. “ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నారు. కాసేపు ఆగు, ఇంకా పిల్లని లోపలికి పంపలేదు.”